కరాటే విద్యను బడికి దెచ్చిన ఉపాధ్యాయులు

గత సంవత్సరము మన పాఠశాలలో సాయంకాలపు ఆటలతోపాటు కరాటే నేర్పుట యారంభమైనప్పుడు ఒక విద్యార్థి తండ్రిగారు నాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, ఒక చెంపమీద గొట్టినవానికి రెండవ చెంప ద్రిప్పవలెనని ఆదివారమున బోధించుచు, సోమవారమున మా పిల్లలకు పిడికిలి బిగించుట నేర్పుచున్నారే, ఇది యెట్లు పొసగును?" అని యడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఆ విద్య యెక్కడ పుట్టినదో, ఎవరి చేతులలో పెరిగినదో తెలిసికొనక దానినిగూర్చి మంచిగాని చెడ్డగాని చెప్పుట తగదని తలంచి, దొరికిన పుస్తకములు తెచ్చుకొని చదువ నారంభించితిని. చదివినకొలది నాకొక యాశ్చర్యము కలిగెను. కరాటేను ఈనాటి రూపమునకు దెచ్చినవారిలో ముఖ్యులైన యిద్దరును సేనాపతులు గారు, మల్లులును గారు. ఒకరు రాజకార్యాలయములో వ్రాయసకాడు. రెండవవాడు మావంటి బడిపంతులు.

జపాను దేశపు దక్షిణపు కొననున్న క్యూషూ దీవికిని తైవాను దీవికిని నడుమ, సముద్రములో తెగిన పూసలదండవలె చిన్నదీవుల వరుస యొకటి గలదు. వానిలో పెద్దది ఒకినావా. దాని పొడవు నూరు కిలోమీటర్లకు కొంచెము మించును. నేడిది జపానులోని యొక జిల్లాయే గాని, పూర్వము ఈ దీవులన్నియు ర్యూక్యూ అను ప్రత్యేక రాజ్యము. 1429లో షో హాషి అను రాజు అక్కడి మూడు చిన్న రాజ్యములను ఏకముచేసి, షూరి నగరమునుండి పాలించెను. ర్యూక్యూ ప్రజలు ఓడవర్తకులు. 1372 మొదలుకొని వారు చీనా చక్రవర్తికి కానుకలు పంపుచుండిరి. చీనాలోని ఫుకియెన్ రాష్ట్రమునుండి కొన్ని కుటుంబములు వచ్చి నహా రేవుచెంత కుమే అను గ్రామమున కాపురముండెను. రాకపోకలు ఇట్లు వందల యేండ్లు సాగగా, పట్టు, పింగాణి, పుస్తకములతోపాటు చీనావారి ముష్టియుద్ధ విద్యయు ఓడదిగి ఒకినావాలో ప్రవేశించెను. దీవివాసులకు అంతకుముందే తమదైన చేతిపోరు ఉండెను. దానిని వారు "టె" అనిరి. చేయి అని యర్థము. చీనానుండి వచ్చినదానికి "టోదె" అని పేరు, అనగా చీనాచేయి. ఈ రెంటి కలయికయే కరాటేకు మూలము.

ఇక్కడ రెండు కట్టుకథలను తొలగింపవలసి యున్నది. మొదటిది మన దేశపువారికి మిక్కిలి ప్రియమైనది. దక్షిణ హిందూదేశపు రాజకుమారుడగు బోధిధర్ముడు చీనాకు బోయి, షావొలిన్ మఠమునందలి సన్న్యాసులకు వ్యాయామము నేర్పెననియు, అదియే కరాటేకు తల్లి యనియు చెప్పుదురు. మా తరగతిలోను ఒక బాలుడు లేచి, "సార్, కరాటే మనదే" అని గర్వముగా పలికెను. బోధిధర్ముని పేర యుద్ధవిద్యను అంటగట్టిన చీనా గ్రంథము 1624వ సంవత్సరపు నాటిది. అతడు జీవించిన కాలమునకు వేయి యేండ్లకు పైబడిన తరువాతిది. అంతకంటె పూర్వపు వ్రాతలలో అతడు ధ్యానగురువేగాని ముష్టిగురువు గాడు. మనది కానిదానిని మనదనుకొనుట కీర్తికాదని ఆ బాలునితో చెప్పగా అతని ముఖము చిన్నబోయెను. నాకును కొంచెము బాధగానే యుండెను.

రెండవది, ఆయుధములు లాగికొనబడిన బీదరైతులు దొరల కత్తులను వట్టిచేతులతో ఎదుర్కొనుటకై కరాటేను కనిపెట్టిరను కథ. షో షిన్ అను రాజు ప్రజలయొద్దనున్న ఆయుధములను తీసికొనెనని దీనికి ఆధారము చెప్పుదురు. కాని 1509లో షూరి కోటయందు చెక్కించిన శాసనము, రాజు దేశరక్షణకొరకు కత్తులను విండ్లను ప్రోగుచేసెనని చెప్పుచున్నదేగాని ప్రజల చేతులు కట్టివేసెనని చెప్పుటలేదని నేటి పండితుల యభిప్రాయము. 1609లో జపానులోని సట్సుమా ప్రభువులు దండెత్తి ర్యూక్యూను లోబరచుకొన్నమాట నిజము. ఆ పిమ్మట ఆయుధములపై నిర్బంధములు కలిగినమాటయు నిజమే. అయినను పేరు తెలిసిన గురువులను ఒక్కొక్కరినే విచారించి చూడగా వారిలో అత్యధికులు రాజోద్యోగులు, గృహస్థులగు పెద్దకుటుంబములవారు. పగలెల్ల పొలములో నడుము వంచినవానికి రాత్రి గురువునొద్ద యేండ్ల తరబడి సాధనచేయు తీరిక యెక్కడిది?

అట్టి రాజోద్యోగులలో మాట్సుమురా సోకోన్ ప్రసిద్ధుడు. పందొమ్మిదవ శతాబ్దమున ముగ్గురు రాజుల కొలువులో పనిచేసినవాడు. ఇతనిగూర్చి పిల్లలకు రుచించు కథ యొకటి కలదు. రాజు ఇతనిని మదించిన ఆబోతుతో పోరాడుమని యాజ్ఞాపించెనట. ఇతడు కొన్నిదినములు ముందుగానే, పోరునాడు వేసికొనబోవు దుస్తులతోనే దొడ్డికి బోయి, కట్టివేయబడిన ఆబోతు ముక్కుపై సూదితో గ్రుచ్చి వచ్చుచుండెనట. పోరునాడు ఆబోతు ఇతనిని చూచినతోడనే రంకెవేసి పారిపోయెను! కథ నిజమో కాదో గాని, బలముకంటె బుద్ధి మేలని ఒకినావావారు తమ వీరునిగూర్చి చెప్పుకొనుట గమనింపదగినది.

ఆ దినములలో ఈ విద్య రహస్యవిద్య. గురువొకడు, శిష్యులు ఇద్దరో ముగ్గురో. సాధన రాత్రివేళ, ఇంటి పెరటిలో. వ్రాతపుస్తకములు లేవు. కదలికలన్నిటిని ఒక వరుసగా గూర్చి "కటా" అని పేరిడిరి. గుణింతము వల్లించినట్లు ఆ వరుసను వేలసారులు చేయుటయే చదువు. షూరి, నహా, టొమారి అను మూడు ఊళ్ల పేర మూడు సంప్రదాయములను చెప్పుదురు. నహాలో హిగావోన్నా కాన్ర్యో అనునతడు చీనాలోని ఫుచౌ నగరమునకు బోయి, అక్కడ గురుశుశ్రూషచేసి నేర్చుకొని వచ్చెను. ఇతని శిష్యుడగు మియాగీ చోజున్ స్థాపించినదే గోజూ శాఖ.

1879లో జపాను ప్రభుత్వము ర్యూక్యూ రాజును తొలగించి దేశమును జిల్లాగా మార్చెను. కొలువులు పోయినవి, బత్తెములు పోయినవి. రాజు లేనప్పుడు రాజుగారి అంగరక్షకుల విద్యకు పనియేమి? అది వృద్ధులతోపాటు అంతరించి యుండవలసినదే. అంతరింపకుండుటకు కారణము మాట్సుమురా శిష్యుడగు ఇటొసు అంకో.

ఇటొసు 1831లో జన్మించెను. షూరిలో రాజకార్యాలయపు వ్రాయసకాడుగా నుండెను. డెబ్బదియేండ్ల వయస్సున, 1901లో, అతడు షూరిలోని ప్రాథమిక పాఠశాల పిల్లలకు కరాటే నేర్ప మొదలుపెట్టెను. 1905 నుండి మొదటి మధ్యమ పాఠశాలలోను నేర్పెను. రహస్యవిద్యను పట్టపగలు, బడి ఆవరణలో, పలువురు పిల్లలకు ఒక్కసారిగా నేర్పుట యెట్లు? ఉపాధ్యాయులైనవారికి ఈ చిక్కు బాగుగా తెలియును. ముగ్గురు శిష్యులకు చెప్పు పాఠము వేరు, నలుబదిమంది తరగతికి చెప్పు పాఠము వేరు. ఇటొసు పాత కటాలనుండి పిల్లలకు తగినట్లు అయిదు చిన్న కటాలను కూర్చి వానికి "పినాన్" అని పేరిడెను. శాంతి, క్షేమము అని యర్థము. కన్నులలో పొడుచుట, గొంతు పట్టుట మొదలగు అపాయకరమైన విషయములను మరుగుపరచి, తెరచిన అరచేతులకు మారుగా మూసిన పిడికిళ్లు పెట్టెను. సైన్యములో పనిచేసి వచ్చిన అతని శిష్యుడు యాబు కెంత్సు ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో నేర్పెను. పిల్లలు వరుసలుగా నిలుచుట, లెక్క పలుకగానే అందరును ఒక్కసారి కదలుట మొదలగు కవాతు పద్ధతులు ఇట్టివారి మూలమున వచ్చినవని చెప్పుదురు. మన ఆటస్థలములో నేటికిని పిల్లలు చేయునది అదే.

1908 అక్టోబరు నెలలో ఇటొసు విద్యాధికారులకు పది అంశములు గల యొక లేఖ వ్రాసెను. కరాటే చరిత్రలో ఇంతకంటె ముఖ్యమైన కాగితము లేదని నా తలంపు. ఈ విద్య బౌద్ధమునుండిగాని కన్ఫ్యూషియస్ మతమునుండిగాని రాలేదని మొదటనే చెప్పివేసెను. దుర్మార్గుడు పైబడినప్పుడు దెబ్బ తినకుండ తప్పించుకొనుటకే గాని, ఒకనితో కయ్యమునకు కాలుదువ్వుటకు గాదనెను. తొందరపడరాదనెను, మెల్లగా నడచు ఎద్దును పోలికగా జెప్పి, దినమునకు గంటయో రెండుగంటలో విడువక చేసినయెడల మూడు నాలుగేండ్లకు దేహము మారిపోవునని వ్రాసెను. మొదట ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో నేర్పినచో, అక్కడ చదివినవారు ఊరూరి బడులకు దీనిని కొనిపోవుదురనియు, పదియేండ్లలో దేశమంతట వ్యాపించుననియు ఆశపడెను. నేనును ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడనే గనుక ఈ వాక్యము చదివినప్పుడు నాకు మిక్కిలి సంతోషము కలిగెను.

కాని ఆ లేఖలోనే మరియొక మాట గలదు. చిన్ననాట కరాటే నేర్చిన బాలురు పెద్దవారై సైన్యమునకు బాగుగా పనికివత్తురని అతడు అధికారులకు నచ్చజెప్పెను. నెపోలియనును ఓడించిన వెల్లింగ్టను ప్రభువు, తన విజయము బడి ఆటస్థలములోనే సిద్ధమైనదని యన్నట్లు లోకములో చెప్పుకొను మాటనుగూడ ఉదహరించెను. జపాను రష్యాను జయించి మూడేండ్లయిన కాలమది. అధికారులకు రుచించు మాట అదియే. తాను ప్రేమించిన విద్యను బడిలో నిలుపుటకు ఆ వృద్ధుడు ఇట్లు వ్రాసెనేమో. ఈ మాటను మనస్సులో నుంచుకొనుడు. మరల దీనియొద్దకు రావలసియున్నది.

ఇటొసు శిష్యులలో ఫునాకోషి గిచిన్ అనునతడు 1868లో షూరిలో జన్మించెను. నెలలు నిండకుండ పుట్టిన బలహీనుడగు శిశువు. బడిలో తనతో చదివిన బాలుని తండ్రి అజాటో అనునతడు మాట్సుమురా శిష్యుడు. ఫునాకోషి రాత్రులయందు లాంతరు చేతబట్టుకొని ఆయన యింటికి నడచిపోయి, పెరటిలో ఒకే కటాను నెలల తరబడి చేయుచుండెను. గురువు వసారాలో కూర్చుండి, మరల చేయుమనుటయేగాని మెచ్చుకొనుట అరుదు. ఒక కటా మూడు భాగములు నేర్చుటకు తనకు పదియేండ్లు పట్టెనని అతడు చెప్పుకొన్నాడు. ఈనాడు మూడు నెలలకొక రంగు పట్టీ కోరు పిల్లలు దీనిని చదువుదురుగాక!

వైద్యుడు కావలెనని అతని కోరిక. వైద్య పాఠశాల ప్రవేశపరీక్షలో నెగ్గెను. కాని కొప్పుగలవారిని చేర్చుకొనరాదని నియమము. అతని కుటుంబమువారో, పూర్వాచారమును విడువనివారు. కొప్పు కత్తిరించుట వారికి వంశమునకు కళంకము. వైద్యవిద్య అంతటితో ఆగిపోయెను. 1888లో సహాయోపాధ్యాయ పదవి దొరకెను. దానికిని కొప్పు తీయవలసియేవచ్చెను! తీయించుకొని, ఉపాధ్యాయుని దుస్తులతో ఇంటికి రాగా తండ్రి మండిపడెను. తల్లి మాటయైన ఆడక, పెరటిదారిని బయలుదేరి పుట్టింటికి వెళ్లిపోయెను. క్రొత్త చదువు ఇంటిలో రేపు కలతలు మన తాతల కాలపు మిషను బడులలో చదివినవారు ఎరుగనివి కావు. ఫునాకోషి ముప్పది యేండ్లు బడిపంతులుగా పనిచేసెను.

1921 మార్చిలో జపాను యువరాజు హిరోహిటో యూరపునకు పోవుచు ఒకినావాలో దిగినప్పుడు, షూరి కోటలో బాలురచేత కరాటే ప్రదర్శన చేయించినవాడు ఇతడే. మరుసటి యేట విద్యాశాఖవారు టోకియోలో జరిపిన వ్యాయామ ప్రదర్శనమునకు ఒకినావా పక్షమున వెళ్లెను. అప్పటికి అతనికి ఏబదిమూడేండ్లు. చూపించి తిరిగి రావలెనని బయలుదేరినవాడు టోకియోలోనే నిలిచిపోయెను. కారణము కానో జిగొరో. జూడో విద్యను 1882లో స్థాపించిన కానో, టోకియోలోని ఉన్నత ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలకు ఇరువది యేండ్లకు పైగా ప్రధానాధ్యాపకుడుగా నుండినవాడు; ఇతడును ఉపాధ్యాయుడే! ఆయన ఫునాకోషిని తన జూడో శాలకు ఆహ్వానించి, విద్యను చూచి గౌరవించెను. నేడు కరాటే పిల్లలు తొడుగు తెల్లని దుస్తులు, నల్లపట్టీ, తరగతుల క్రమము జూడోనుండి వచ్చినవే. ఫునాకోషి మొదటి నల్లపట్టీలను 1924 ఏప్రిల్ 12వ తేదీన ఇచ్చెను. ఆ సంవత్సరమే కెయో విశ్వవిద్యాలయమున విద్యార్థుల సంఘము ఏర్పడెను.

టోకియోలో అతని జీవితము బీదతనముతోనే గడచెను. ఒకినావా విద్యార్థుల వసతిగృహములో ఒక చిన్నగది దొరకెను. ఉపన్యాసశాల ఖాళీగా నున్నప్పుడు అక్కడ పాఠము చెప్పుకొనుటకు సెలవు. బదులుగా కావలి, తోటపని, ఊడ్పు తన వంతు. అక్కడి వంటవానికి కరాటే నేర్పి, ఆ గురుదక్షిణగా తన భోజనపు ఖర్చులో కొంత తగ్గింపించుకొనెను! ఒకనాడు పత్రికా విలేఖరి యొకడు ప్రసిద్ధుడగు గురువును చూడవచ్చి, ఆవరణ ఊడ్చుచున్న ముసలివానిని చూచి, "ఫునాకోషిగారెక్కడ?" అని యడిగెను. "ఒక్క నిమిషము ఉండుడు" అని చెప్పి లోనికి బోయి, మంచి దుస్తులు ధరించి వచ్చి, "నేనే ఫునాకోషిని" అనగా ఆ విలేఖరి నోటమాట రాక నిలిచిపోయెను. ఈ విషయమును ఫునాకోషియే తన జీవితకథలో సంతోషముతో వ్రాసికొనెను. అతని పేరుమీద నాకు గౌరవము కలిగినది ఇక్కడ.

ఇతరులను క్లుప్తముగా చెప్పెదను. మబూని కెన్వా ఒసాకా ప్రాంతమున షిటో శాఖను స్థాపించెను. ఇటొసు, హిగావోన్నా అను తన గురువులిద్దరి పేర్లలోని అక్షరములతో ఆ పేరు కూర్చెను. ఉయెచి కంబున్ నిర్బంధ సైనికసేవ తప్పించుకొనుటకై 1897లో ఫుచౌకు వెళ్లి, అక్కడ నేర్చి వచ్చినవాడు. మొటోబు చోకి రాజవంశీయుడు, పోట్లాటలో నిజముగా చేయితిరిగినవాడు. ఇతడు క్యోటోలో ఒక విదేశీయ ముష్టియోధుని పడగొట్టిన వార్తను 1925లో ఒక పెద్ద పత్రిక ప్రకటించినప్పుడు, బొమ్మలో మొటోబు ముఖమునకు మారుగా ఫునాకోషి ముఖము గీసిరి! మొటోబు ఎంత కోపించెనో ఊహించుకొనవచ్చును. ఆ యిద్దరికిని అంతకుముందే పొసగదు.

ఇక పేరుమాట. కరాటే అను శబ్దములోని "కర" ను వ్రాయుటకు రెండు చిహ్నములు గలవు. ఒకటి చీనా దేశమును తెలుపును; రెండవది "ఏమియు లేని" అని తెలుపును. హనషిరో చోమో 1905లోనే రెండవదానిని వాడియుండెను. ఫునాకోషి దీనిని గట్టిగా ప్రచారము చేసెను. రిక్తహస్తము, అనగా ఆయుధములేని చేయి అనుట యొక యర్థము. దురాశయు గర్వమును లేక శూన్యమైన మనస్సు అనుట రెండవ యర్థము. బౌద్ధుల శూన్యశబ్దమునకు జపానువారు వ్రాయు చిహ్నము ఇదియే. 1936 అక్టోబరు 25వ తేదీన నహాలో గురువులు సమావేశమై ఈ పేరునే నిర్ణయించిరి. అర్థము అందమైనదే. అయినను మరుసటి యేటనే జపాను చీనాతో పూర్ణయుద్ధమునకు దిగెనని మరువరాదు. చీనా పేరు నోటబలుకుట కష్టమైన కాలమది. కృతజ్ఞతతో మోయవలసిన పేరును తీసివేసిరని తలంచిన ఒకినావావారు లేకపోలేదు.

ఇప్పుడు ఇటొసు లేఖయొద్దకు వత్తము. 1945 ఏప్రిల్ 1వ తేదీన అమెరికా సేనలు ఒకినావా దీవిమీద దిగినవి. జపాను సైన్యము షూరి కోటక్రింద సొరంగములు త్రవ్వి తన ముఖ్యస్థానమును అక్కడ పెట్టెను. మూడు నెలలలో దీవి ప్రజలలో దాదాపు నాలుగవవంతు మరణించిరి. ఇటొసు నేర్పిన మొదటి మధ్యమ పాఠశాల బాలురును, ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల బాలురును సైనికదళములలో చేర్చబడిరి. పదునాలుగేండ్ల పిల్లలు గుండ్లవర్షములో వార్తలు మోసిరి. బాలికలను గాయపడినవారికి ఉపచారము చేయుటకు గుహలకు పంపిరి. హిమెయూరి దళమని పేరుపొందిన 222 మంది విద్యార్థినులలోను వారితో వెళ్లిన 18 మంది ఉపాధ్యాయులలోను కలిపి 136 మంది మరణించిరి. షూరి కోట నేలమట్టమయ్యెను. క్యాన్ చోటోకు అను వృద్ధగురువు యుద్ధము ముగిసిన కొలదికాలమునకే ఆకలిచే మరణించెను. మియాగీ తన బిడ్డలను, తన తరువాత శాఖను నడుపవలసిన శిష్యుని పోగొట్టుకొనెను. టోకియోలో ఫునాకోషి శిక్షణశాల బాంబులచే కాలిపోయెను. మూడవ కుమారుడు క్షయచే ఆ యేటనే మరణించెను.

కరాటేవలన ఈ యుద్ధము వచ్చెనని నేననుటలేదు. అది అన్యాయపు మాట. 1915లో కన్నుమూసిన ఇటొసు దీనిని కలలోనైన ఊహించియుండడు. కాని పిల్లల ఆటకు అనుమతి సంపాదించుటకై పెద్దలు అధికారులకు ఏ యాశ చూపించుచున్నారో, ఆ యాశకు వెల యొకనాడు పిల్లలే చెల్లింపవలసి వచ్చునేమో యని, ఆ లేఖలోని వాక్యముకడకు వచ్చినప్పుడెల్ల నా మనస్సు ఆగిపోవుచున్నది. శారీరక శిక్షణ పాఠము చెప్పు ప్రతి ఉపాధ్యాయుడును చదువదగిన లేఖ అది.

యుద్ధానంతరము ఒకినావాలో మకాముచేసిన అమెరికా సైనికులు తమను ఓడింపబడినవారి యొద్దనే శిష్యులై నేర్చుకొని, ఈ విద్యను తమ దేశమునకు తీసికొనిపోయిరి. ఫునాకోషి 1957 ఏప్రిల్ 26వ తేదీన మరణించెను. పందెములు అతనికి ఇష్టము లేదు. ఆ యేడు అక్టోబరులోనే టోకియోలో మొదటి పెద్ద పందెములు జరిగినవి. 2021లో టోకియోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో కరాటేకు చోటు దొరకెను. ఒకినావావాడగు కియూనా ర్యో ప్రతిపక్షి లేకుండ ఒంటరిగా చేయు కటాలో బంగారు పతకమును పొందెను. 2024 పారిస్ క్రీడలలో మరల చోటు లేకపోయెను. కామకురాలోని ఎంగకూజి మఠమున ఫునాకోషి జ్ఞాపకార్థము 1968లో నిలిపిన రాతిమీద, ముందుగా చేయెత్తుట కరాటేకు చెందదను అతని బోధను చెక్కియున్నారు.

ఈ సంగతులన్నియు ఆ తండ్రిగారితో ఒక సాయంకాలము చెప్పితిని. వారు శ్రద్ధగా వినిరి. ముందుగా చేయెత్తకుండుట మంచిదే గాని, రెండవ చెంప ద్రిప్పుట అంతకంటె దూరపు మాట కాదా అనిరి. కాదనలేకపోతిని. పిల్లవానిని మానిపించెదమని చెప్పలేదు, కొనసాగించెదమనియు చెప్పలేదు. ఇటొసు వ్రాసిన ఆ పది అంశములను తెలుగులో వ్రాసి యిమ్మని యడిగి, గొడుగు తీసికొని లేచిరి.